తెల్ల డబ్బాలో మడమల మందు

ఉదయం పది గంటల నలభై నిమిషాలకు నేను ఒక చిన్న తెల్ల డబ్బాలో కాలి పగుళ్ల మందు నింపి, మూత బిగించి, మా డిస్పెన్సరీలో పనిచేసే ఆమె చేతికిచ్చాను. ఆసుపత్రిలో అంతకంటే మామూలు పని మరొకటి లేదు. రోజుకు ఎన్నిసార్లు చేసేవాళ్లమో లెక్క ఉండేది కాదు. ఈ ఒక్కసారి మాత్రం నిమిషంతో సహా గుర్తుండటానికి కారణం నా జ్ఞాపకశక్తి కాదు. తరువాత ఆ సమయాన్ని రెండు కాగితాల మీద రాసి సంతకం పెట్టాల్సి వచ్చింది.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా ముప్పై మూడేళ్లు పనిచేశాను. మొదట కర్నూలు వైపు, చివరి తొమ్మిదేళ్లు కడప వైపు, మంగంపేట గనులకు దగ్గరలో. ఇది నా చివరి ఏడాది సంగతి. కొత్తగా మందుల కిటికీ వెనుక కూర్చుంటున్న పిల్లల కోసం రాస్తున్నాను. ఇందులో నేను చేసిన గొప్ప పని ఏదీ లేదు. చదివాక మీకు నా మీద కోపం వస్తే అది న్యాయమే.

మీకిప్పుడు పూత మందులు ట్యూబుల్లో వస్తున్నాయి. మాకు పెద్ద డబ్బాల్లో వచ్చేవి. రోగి ఓపీ చీటీ చూపిస్తే, తాను తెచ్చుకున్న డబ్బాలో ఇంత తీసి వేసేవాళ్లం. సున్నం డబ్బాలు, పౌడరు డబ్బా మూతలు, ఏమీ దొరకనివాళ్లు మడిచిన ప్లాస్టిక్ కవర్లు తెచ్చేవాళ్లు. మంగంపేటలో ముగ్గురాయి ఏరే ఆడవాళ్లు ఎక్కువగా మడమల కోసం వచ్చేవాళ్లు. తెల్ల దుమ్ములో, ఎండలో నిలబడి నిలబడి వాళ్ల మడమలు బీటలు వారి నెత్తురు కారేవి. వాళ్లకిచ్చేది సాలిసిలిక్ యాసిడ్ కలిపిన ఘాటైన మందు. బండబారిన చర్మాన్ని మెత్తబరిచి పొరలుగా ఊడేటట్టు చేస్తుంది. మడమ మీద అది మేలు. మిగతా ఒంటి మీద కాదు. అందుకే డబ్బా మీద ప్లాస్టరు ముక్క అంటించి ‘కాళ్లకు మాత్రమే’ అని రాసివ్వడం మా పద్ధతి. చదవడం రానివాళ్లకు రెండుసార్లు నోటితో చెప్పేవాళ్లం.

నేను మందు నింపి ఇచ్చిన ఆమె, ఏజెన్సీ ద్వారా వచ్చిన కాంట్రాక్టు మనిషి. నాకంటే ముందు నుంచే, పద్నాలుగేళ్లుగా ఆ ఆసుపత్రిలోనే ఉంది. నేల తుడవడం, పెట్టెలు మోయడం, మందుల డబ్బాలు కడగడం ఆమె పని. చెప్పకపోయినా వరసలో నిలబడలేని ముసలివాళ్లను కూర్చోబెట్టి వాళ్ల చీటీలు లోపలికి తెచ్చేది. వాళ్లది మూడు తరాల నుంచి చర్చికి పోయే కుటుంబం. భర్త లేడు. ఉన్నది ఒక కూతురు, ఈ ఉద్యోగం. ఆ ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కునే వయసు ఆమెకు దాటిపోయింది. అది మాకందరికీ తెలుసు.

అంతకుముందు ఏడాది నా భార్య పోయింది. కర్మలు ముగిసి డ్యూటీలో చేరిన రోజు నుంచి మా డిస్పెన్సరీ ఆమె నా బల్ల మీద ఒక డబ్బా పెట్టి పోయేది. సంగటి, చెనిక్కాయల పచ్చడి. నాలుగు వారాల తరువాత నేనే వద్దని చెప్పాల్సి వచ్చింది. ఆ సంగటి గురించి ఎందుకు చెబుతున్నానంటే, ఆమెకు చీటీ లేకుండా మందు ఇవ్వడానికి అదే కారణం కాబట్టి.

ఇక కొరియా సంగతి.

ఆమె కూతురు డిగ్రీ అయ్యాక కర్నూలులో ఒక అంగడిలో కౌంటరు మీద చేరింది. కొరియా దేశపు చర్మ సంరక్షణ సామాన్లు అమ్మే అంగడి అది. నెలకు రెండుసార్లు శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం పోయేది. పోయే ముందు ఆసుపత్రికి వచ్చి, మధ్యాహ్నం భోజనాల వేళ నర్సుల చుట్టూ కూర్చుని ఆ సీసాలన్నీ వరసగా పెట్టేది. మొదట నూనెతో తుడవాలి, తరువాత నురగతో కడగాలి, తరువాత టోనరు, ఎసెన్సు, సీరం, కాగితం మాస్కు, కంటి కింద వేరే క్రీము, పైన ఇంకో క్రీము. పగలయితే ఎండ తగలకుండా ఒకటి, రాత్రయితే మందంగా పూసి పొద్దున దాకా వదిలేసే స్లీపింగ్ ప్యాక్ ఒకటి. వేళ్ల మీద లెక్కపెడితే పది.

నన్నూ వదల్లేదు. ‘సార్, చెయ్యి ఈడ పెట్టండి. ముఖానికి పూస్తానంటే మీరు ఒప్పుకోరు గదా’ అంది. నా ఎడమచేతి వెనుక భాగం మీద ఒక్కొక్కటే రాసి, రెండు వేళ్లతో తట్టింది. రుద్దకూడదట. ఏడోది నత్త జిగురుతో చేసినదని చెప్పగానే, కోమట్ల ఇంటి నుంచి వచ్చిన ఒక నర్సు కుర్చీ వెనక్కి జరుపుకుంది. తను ఉల్లిపాయ కూడా తినదు.

మా అటెండరు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. ‘నత్తదా? వాన పడితే మా చేన్లో గంపలు గంపలు వస్తాయి గదమ్మా. తెచ్చియ్యమంటావా?’ అన్నాడు.

‘తెచ్చియ్యి మామా, నీకే ముందర పూస్తా’ అంది ఆ పిల్ల.

తల్లి నేల తుడుస్తూనే అంది: ‘దీనికి పిచ్చి పట్టింది సార్. ముఖం కడిగేదానికి క్యాన్ నీళ్లు కావాలంట. బోరు నీళ్లలో ఉప్పుండాదంట. మేమంతా ఆ నీళ్లతో పెరగలేదా?’

‘తెల్లగయ్యేదానికి కాదుమా. గ్లాస్ మాదిరి అయ్యేదానికి.’

‘గ్లాసయితే ఈ పక్క నుంచి ఆ పక్కకు కనపడాల. నీకేం కనపడతాండాది?’

అందరం నవ్వాం. నా చెయ్యి సాయంత్రం దాకా మెత్తగానే ఉంది. అబద్ధం చెప్పను. ఆ పది సీసాల వెనుక చిన్న అక్షరాలు కూడా చదివాను. సగానికి పైగా వాటిలో మొదట నీళ్లు, తరువాత గ్లిజరిన్. గ్లిజరిన్ మా బీరువాలో పెద్ద సీసాలో ఉండేది, ఎవరూ అడిగేవాళ్లు కాదు. మా ఎండలకు ఆ పదిలో ఎండ తగలకుండా పూసుకునేది ఒకటి పనికొస్తుందని చెప్పాను. నా మాట ఎవరూ వినలేదు. ఆ నెల తిరక్కుండానే నర్సులందరూ తలా ఒకటి తెప్పించుకున్నారు. కాగితం మాస్కులు చల్లగా ఉంటే ఇంకా మంచిదని ఎవరో చెప్పారు. హెడ్ నర్సు వచ్చి, నా ఫ్రిజ్‌లో ఒక అర అడిగింది. ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్ అది. కూడదని చెప్పాల్సింది. చెప్పలేదు. రెండు వారాల తరువాత సూపరింటెండెంటు గారి డ్రైవరు ఒక పార్శిలు తెచ్చి, అమ్మగారిది, చల్లగా ఉండాలట, సాయంత్రం తీసుకుపోతానని పెట్టిపోయాడు. సాయంత్రం మరిచిపోయాడు. అదీ అక్కడే ఉండిపోయింది.

ఆ పిల్లను మాత్రం నేను నవ్వుతూ చూడలేకపోయాను. బుగ్గల మీద మొటిమలు మానిన గుంటలు ఉండేవి. అంగడి యజమాని చేర్చుకున్న మొదటి వారంలోనే, నీ ముఖం చూసి ఎవరు కొంటారని అడిగాడట. ముఖమే మా బోర్డు అన్నాడట. అమ్మాలంటే తనూ పూసుకోవాలి. పూసుకోవాలంటే కొనుక్కోవాలి. నమూనాకు తెరిచిన సీసాలు అడుగంటితే ఇంటికి తీసుకుపొమ్మనేవాడు. అలా వచ్చిన తెల్ల డబ్బా ఒకటి, స్లీపింగ్ ప్యాక్‌ది, వాడి వాడి ఖాళీ అయింది. ఇంకోటి కొనివ్వమని తల్లిని అడిగింది. తల్లి కొనలేదు. కొనలేకపోయిందంటే సరి.

ఆ ఖాళీ డబ్బానే తల్లి కడిగి, ఆ బుధవారం నా దగ్గరికి తెచ్చింది. ‘సార్, మడమలు శానా పగిలినాయి. ఫినాయిలు నీళ్లు తగిలితే మండుతాండాయి. ఇంత ఏస్తారా’ అంది. నేను చీటీ అడగలేదు. ఇన్నేళ్లుగా ఎదురుగా కనిపిస్తున్న మనిషిని వరసలో నిలబడి చీటీ తెమ్మనడానికి నాకు మనసు రాలేదు. పదిన్నరకు ఫ్రిజ్ ఉష్ణోగ్రత చూసి రాసుకుని, వెంటనే ఆమె పని చూశాను. అంతే. ప్లాస్టరు ముక్క అంటించలేదు. ఆ మందు ఏమిటో ఆమెకు తెలుసు కదా అనుకున్నాను. ఆమెకు తెలుసు. ఇంట్లో ఉన్న ఇంకొకరికి తెలియాలన్న ఆలోచన, ముప్పై మూడేళ్ల అనుభవం ఉన్న నాకు రాలేదు.

సోమవారం ఉదయం ఆ పిల్ల చున్నీ కప్పుకుని ఓపీకి వచ్చింది. రెండు బుగ్గలు, గడ్డం ఎర్రగా కాలి, అక్కడక్కడ తోలు లేచి, నీరు కారుతున్నాయి. ఆదివారం ఆరాధనకు కూడా పోకుండా తలుపేసుకుందట. డ్యూటీ డాక్టరు ఆ పిల్ల తెచ్చిన డబ్బా తెరిచి చూసి, ఇది మన మందే అని గుర్తుపట్టాడు. కాగితం మీద అలాగే రాశాడు. మధ్యాహ్నానికి ఎవరో ఆ సంగతి ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. ఆసుపత్రి మందుతో యువతి ముఖం కాలిందని. ఇక సూపరింటెండెంటుకు నెపం వేయడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు.

మంగళవారం ఆయన గదిలో విచారణ. ఆయన, హెడ్ నర్సు, ఏజెన్సీ సూపర్‌వైజరు, నేను కూర్చున్నాం. ఆమె నిలబడింది. చీటీ లేని మందు ఇంటికి ఎలా పోయిందని ఆయన అడిగాడు.

‘కాళ్లకు సార్. నేను కాళ్లకు తీసుకున్యా’ అంది.

‘ఎవరిచ్చారు?’

ఆమె నా వైపు ఒకసారి చూసింది. ఏమీ చెప్పలేదు.

ఆయన నా వైపు తిరిగి, మీకు తెలుసా అన్నాడు. నా రిటైర్మెంటుకు నాలుగు నెలలుంది. సర్వీసులో ఒక్క మెమో లేదు. దాని మీద నాకు గర్వం కూడా ఉండేది. ‘చూసుకోలేదు సార్’ అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి వచ్చిందని ఒప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను. ఎవరూ నన్ను బెదిరించలేదు. ఆలోచించుకోవడానికి సమయం లేకపోలేదు. తేలిగ్గా వచ్చేసింది.

అప్పుడు ఆయన, ఏజెన్సీ సూపర్‌వైజరుతో అన్న మాట ఇది: ‘ఫినాయిలు బకెట్లు మోసేవాళ్లకు కూడా కొరియా ముఖాలు కావాలంటే ఇలాగే ఉంటుంది.’ హెడ్ నర్సు నేల చూసింది. నిలబడి ఉన్న ఆమె ఇంకోసారి ‘కాళ్లకు సార్’ అంది. ఎవరూ వినిపించుకోలేదు. ఆమె కాళ్ల వైపు ఆ గదిలో ఎవరూ చూడలేదు, నేను కూడా. మందుల దొంగతనం అని రాసి, మరుసటి రోజు నుంచి పనిలోకి రావద్దన్నారు. పది రోజుల తరువాత మళ్లీ పిలిచి తేలుస్తామన్నారు.

ఆ మాట మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. అయినా ఆ రోజు ఆ కోపం నాచేత ఏ పనీ చేయించలేదు. ఇంటికి పోయి అన్నం తిన్నాను. పుస్తకం తెరిచి కూర్చున్నాను.

వారం తరువాత ఆ పిల్ల మందుల కోసం మా కిటికీ దగ్గరికి వచ్చింది. ముఖం పొక్కులు కట్టి ఆరుతోంది. కర్నూలు అంగడి నుంచి, ముఖం సరయ్యేదాకా రావద్దని కబురు వచ్చిందట. నేను మందు ఇచ్చి, ఎలా రాసుకోవాలో చెప్పాను. తను పోలేదు.

‘సార్, శనివారం వచ్చి చూస్తే కిటికీలో డబ్బా నిండుగా ఉండాది. అమ్మ కొనిపెట్టిందనుకున్యా. వద్దొద్దు అంటానే కొనిందే అని. అడిగితే సిగ్గుపడతాదని అడగలేదు. పొద్దున్నే నా ముఖం చూపించి చెబుదామనుకున్యా.’ కాసేపాగి, ‘మందు కంపు కొట్టింది సార్. కొత్త రకమేమో అనుకున్యా’ అంది.

నేను తన చీటీ మీద తేదీ వేశాను.

‘అమ్మ దొంగతనం చేసిందని రాసినారంట. ఆ పొద్దు మీరు ఆడనే ఉండారు గదా సార్’ అంది. నిందగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. తనకు ఎవరూ చెప్పలేదని అప్పుడు అర్థమైంది. తల్లి కూతురికి కూడా నా సంగతి చెప్పలేదు.

ఆ సాయంత్రమే రాశాను. బుధవారం ఉదయం ఆ మందు నా చేతితో నేనే ఇచ్చాననీ, చీటీ అడగనిదీ, డబ్బా మీద రాయనిదీ నేనేననీ, ఆమె తప్పు ఏమీ లేదనీ. గుమాస్తా చదివి, ఎన్ని గంటలకో లేదని వెనక్కిచ్చాడు. గంట వేసి మళ్లీ రాశాను. సూపరింటెండెంటు పిలిచి, తలుపు వేయించి, కుర్చీ చూపించి, చాలా మర్యాదగా మాట్లాడాడు. పోయే ముందర ఎందుకండీ ఇది, ఆమెకు ఇంకో చోట దొరుకుతుంది, మీ పెన్షను కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి అన్నాడు. బెదిరింపు అని చెప్పడానికి వీల్లేని గొంతు అది. ఆ కాగితం ఆయన బల్ల సొరుగులోకి పోయింది. నేను మూడోది రాసి, నకలు జిల్లా కార్యాలయానికి రిజిస్టరు పోస్టులో పంపి, రసీదు దగ్గర పెట్టుకున్నాను.

రెండో విచారణ రోజు ఉదయం నేను ఫ్రిజ్ తెరిచాను. ఇన్సులిన్ సీసాల పక్కన, వెనుక, కింద ఉన్నవన్నీ తీసి ఒక ఇంజెక్షన్ ట్రేలో పెట్టాను. అటెండరు చూసి, ‘ఏంది సార్ ఇది, సంత మాదిరి’ అన్నాడు. ట్రే పట్టుకుని సూపరింటెండెంటు గదికి పోయాను. అదే మనుషులు కూర్చున్నారు. ఆమె అక్కడే నిలబడింది. ట్రే ఆయన బల్ల మీద పెట్టాను. పార్శిలు పైనే ఉంది, ఆయన ఇంటి చిరునామాతో.

‘కొరియావి పదకొండు ఉన్నాయి సార్’ అన్నాను. ‘ఆసుపత్రి ఫ్రిజ్‌లోవి. ఇందులో ఒక్కటీ ఫినాయిలు మోసేవాళ్లది కాదు.’

గొంతు పెంచలేదు. ఆయన పార్శిలును తీసి కుర్చీ పక్కన పెట్టుకున్నాడు. హెడ్ నర్సు లేచి కిటికీ దగ్గరికి పోయింది. తరువాత ఆయన ఆ పిల్ల తల్లి మీద విసుక్కున్నాడు. ఈయన ఇచ్చాడని ఆ రోజే ఎందుకు చెప్పలేదని.

‘నేను చెప్తే చాడీ అయితాది సార్. సారు ఆడనే కూచోనుండాడు. సారే చెప్తాడనుకున్యా.’

నా వైపు చూడకుండా అంది. నా కాగితాలు, నా ట్రే, నేను పడ్డ కష్టం, అన్నీ ఆ మాట ముందు ఎంత ఆలస్యంగా వచ్చాయో నాకు తెలిసింది.

దొంగతనం అన్న మాట కొట్టేశారు. నాకు రెండు మెమోలు ఇచ్చారు. చీటీ లేకుండా మందు ఇచ్చినందుకు ఒకటి, మందుల ఫ్రిజ్‌లో ఇతర వస్తువులు ఉంచినందుకు ఒకటి. రెండూ న్యాయమైనవే. ఆ వస్తువులు ఎవరివో రెండో దాంట్లో రాయలేదు. ఆమెను పనిలోకి తీసుకుంటారా అని నేను అడిగితే, ఆసుపత్రికి అభ్యంతరం లేదు, అది ఏజెన్సీ విషయం అన్నారు. ఏజెన్సీ సూపర్‌వైజరు, మొదటి విచారణ జరిగిన మూడో రోజే ఆ చోటులో వేరేవాళ్లను వేశామని చెప్పాడు. నేను మంగళవారమే నోరు తెరిచి ఉంటే ఆ చోటు ఖాళీ అయ్యేదే కాదు. ఎవరెన్ని రకాలుగా ఓదార్చినా ఈ లెక్క మారదు.

ఆమె ఇప్పుడు కోడూరు వైపు బొప్పాయిలు కాగితాల్లో చుట్టే షెడ్డులో రోజు కూలికి పోతుంది. కూతురి బుగ్గల మీద నల్ల మచ్చలు నిలిచాయి. కర్నూలు అంగడివాళ్లు మళ్లీ పిలవలేదు. ఆ పిల్ల ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో దరఖాస్తులు నింపే పనిలో ఉంది. ఒంటిమిట్ట ఉత్సవాలప్పుడు బస్టాండులో తల్లి కనబడింది. ‘బాగుండారా సార్’ అంది. బాగున్నానన్నాను. బస్సు వచ్చింది, ఎక్కిపోయింది.

మీలో కొందరు, దయ చూపించబట్టే కదా ఇదంతా అనవచ్చు. కాదు. దయ చూపించినవాడు దానికి బాధ్యుడిగా నిలబడకపోవడం వల్ల ఇదంతా. చీటీ అడగకపోవడం పెద్ద మనసు అనుకున్నాను. ఆ చీటీ ఉంటే ఆమెకు అదే రక్ష. ఇచ్చింది నేనని దాని మీద నా అక్షరాల్లో ఉండేది. కష్టకాలంలో అన్నం పెట్టిన మనిషి దగ్గర సాక్ష్యం లేకుండా చేసి, సాక్ష్యం చెప్పవలసిన రోజున నేను చూసుకోలేదన్నాను. ముఖానికి పది రకాలు పూసుకునే పిల్లలను వెక్కిరించడం సులభం. వాళ్ల ముఖాలకు వెల కట్టేవాళ్లను, ఆ ముఖాలు వాళ్లకెందుకని అడిగేవాళ్లను ఎవరూ విచారణకు పిలవరు.

ఈ సంగతి మీద ఆసుపత్రి చేసిన దిద్దుబాటు ఒక్కటే. మా కిటికీ పక్కన ఒక ఉత్తర్వు అంటించారు, రోగులు తెచ్చుకున్న డబ్బాల్లో మందు వేయరాదని. ఆ తరువాత ట్యూబులు వచ్చాయి. అవి నెలలో కొన్ని రోజులే ఉంటాయి. గనుల ఆడవాళ్లు కొంతకాలం డబ్బాలు పట్టుకుని వచ్చి, అటెండరు ఉత్తర్వు చదివి వినిపిస్తే విని, వెనక్కి పోయారు. నేను రిటైరయ్యే నాటికే రావడం తగ్గించేశారు. మొన్న పెన్షను కాగితం పని మీద పోయినప్పుడు అరగంట ఆ కిటికీ ఎదురుగా కూర్చున్నాను. మడమలకు మందు అక్కడ ఎవరూ అడగడం లేదు.